వామి తగులబడిన వేళ

*ఫైరాఫీసులను ఒకదానిలో నొకటి కలిపివేసినచో ప్రజల పన్నుసొమ్ము మిగులునను వాదము దేశదేశములందును వినవచ్చుచున్నది. కళ్యాణదుర్గపు ఎఱ్ఱనేలమీద నిలిచి చూచినపుడు ఆ లెక్క యెట్లుండును?*

శివరాత్రికి చలి శివశివా యనుచు వెడలిపోయిన మఱునాటినుండి కళ్యాణదుర్గపు సీమలో గాలికి పొడివాసన పట్టును. అక్కమ్మగార్ల కొండమీదను, కుందుర్పి దారి పొడుగునను కనబడు గుట్టలమీదను వానకాలమున మోకాలెత్తు పెరిగిన బోద యెండి, పసుపువన్నెకు తిరిగి, కాలు తగిలినంతనే గలగలలాడుచుండును; కల్లములలో ముంగారు పంటను ఒలుచుకొనగా మిగిలిన వేరుశనగ కట్టె ఇండ్లంత యెత్తు వాములై, చుక్క తేమయైనను లేక ఎండకు మాడుచుండును. అట్టి దినములలో ఏ మధ్యాహ్నము రెండుగంటల వేళనో, వయసులో నున్నవారు చీనీ తోటలకును ఉపాధి పనులకును పోయియుండగా, ముసలివారు అరుగులమీద కునికిపాట్లు పడుచుండగా, ఊరివెనుక వదులైన కరెంటు తీగలు రెండు గాలికి రాచుకొని నాలుగు రవ్వలు రాల్చును. లేదా, దారినబోవు వాడెవడో బీడీముక్కను ఆర్పక విసరిపోవును. లేదా, పొయ్యిలోని బూడిదను దిబ్బమీద పోసిన యిల్లాలికి ఆ బూడిద కడుపులో నిప్పు ఇంకను బ్రతికియున్న సంగతి తెలియకపోవును.

మొదట సన్నని తెల్లని పొగ. తరువాత వామి నడినెత్తిన అరచేతియంత నల్లని మచ్చ. దానిని చూచిన పిల్లవాడు కేక వేయునంతలో ఆ మచ్చ చుట్టును ఎఱ్ఱని అంచు ఏర్పడి, గాలి యెటు త్రోసిన నటు ప్రాకుట మొదలిడును.

"ఎద్దుల్ని ఇప్పండి ముందు! తలుగులు కోసెయ్యండ్రా!"

"101కి చేసినారా ఎవురన్నా?"

"చేసినా మామా. వస్తాండారంట."

ఆ "వస్తాండారంట" అను మాటకును, ఊరి మలుపున ఎఱ్ఱబండి గంట వినబడుటకును నడుమ గడచు కాలమును గడియారముతో కొలిచిన నిమిషములు; వామి గలవాని గుండెతో కొలిచిన యుగములు. ఆడవారు బిందెలతో, పిల్లలు చెంబులతో, మందు కొట్టు పంపు వీపునకు తగిలించుకొన్న యొక పడుచువాడు దానితోనే, ఎవరికి చేతనైనది వారు చేయుచుందురు. తుదకు ఫైరింజను వచ్చును. వచ్చినవారు మాటలాడక గొట్టములు పఱచి, బ్రాంచి పట్టి, నీరు చిమ్ముదురు. బండి తొట్టిలోని నీరు సాధారణముగా 4,500 లీటర్లు. రెండు గొట్టములు నిండుగా విప్పినచో అది పది నిమిషములకు రాదు. వేరుశనగ కట్టె వామికి ఇంకొక దుర్గుణము గలదు: పైన నీరు పడినను లోపలికి దిగదు, పైపొర నల్లబడి చల్లారినట్లు కనబడుచు, గర్భమున రెండు మూడు దినములు రగులుచునే యుండును. ఏ జేసీబీనో తెచ్చి వామిని చీల్చి, పాయలు పాయలుగా లాగి తడిపినగాని అది చావదు.

"నీళ్లు అయిపోయినాయి. యాడన్నా బోరుందా?"

"ఉండాది సారూ. కరెంటు మాత్రం పోయింది."

ఇది ఏ యొక్క పల్లెలోనో జరిగిన కథ కాదు. కావుననే పల్లె పేరు చెప్పలేదు. పేరు మార్చినచో ఈ సీమలో వందయూళ్ల కథ యిదియే యగును.

టీ అంగడి అర్థశాస్త్రము

కళ్యాణదుర్గమునందు ఒక ఫైరాఫీసు కలదు. దాదాపు నలుబది కిలోమీటర్ల దూరమున రాయదుర్గమునం దొకటి, ఉరవకొండయం దొకటి, జిల్లాకేంద్రమైన అనంతపురమునందు సరేసరి. బస్టాండు దగ్గఱి టీ అంగడిలో పత్రిక చదువుకొను పెద్దమనుష్యు లొకరు ఒక ఉదయమున ఈ జాబితాను వ్రేళ్లమీద లెక్కించి, నన్ను నిలువదీసిరి. "సంవత్సరములో నాలుగు నెలలు తగులబడును, తక్కిన యెనిమిది నెలలు ఆ బండ్లను తుడుచుకొనుటయే కదా పని? రెండూళ్లకు ఒక ఆఫీసు, ఒక బండి, ఒక అధికారి చాలవా? జీతములు మిగులును, డీజిలు మిగులును." వారు సర్కారు ఉద్యోగము చేసి విరమించినవారు; ఖర్చును చూచినచో వారి కన్ను ఊరుకొనదు.

ప్రశ్న వెఱ్ఱిది కాదు. పెద్దపెద్ద దేశములలో చదువుకొన్నవారు, పన్ను కట్టువారు, పురపాలకులు ఈ ప్రశ్ననే వేసికొని యేండ్ల తరబడి తగవులాడుచున్నారు. పక్కపక్క పట్టణములు రెండు తమకు తామే చెరియొక దళమును, చెరియొక నిచ్చెన బండిని, చెరియొక నాయకుని పోషించుకొనుచు, వీధి కీవలి యిల్లు తగులబడిన ఆవలి బండి కదలకుండుట చూచినచో ఎవరికైనను కడుపు మండును. అయితే అచ్చటి దళములు పుట్టిన విధము వేఱు. మనవి పుట్టిన విధము వేఱు. ఈ భేదమును గుర్తింపక వారి మందును మన రోగికి పోయుట ప్రమాదము.

మనము ముందే కలిసినవారము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అగ్నిమాపక దళములు ఇరువదియైదు వేలకు పైగా కలవు. పెక్కింటిలో ఉద్యోగులు కారు, ఊరి స్వచ్ఛంద సేవకులే మంట నార్పుదురు. ఊరికొక దళము, దళమున కొక పద్దు, కొన్నిచోట్ల దానికై ప్రత్యేకముగా ఎన్నికలు సైతము. న్యూజెర్సీలో ఇల్లు కొన్న తెలుగువాడు కొన్ని పట్టణములలో తన యింటిపన్ను కాగితమును విప్పినచో బడి పన్ను, పురపాలక పన్ను, వాటి ప్రక్కనే మంటల పన్ను వేఱుగా కనబడును. ఇండియాలో పుట్టి పెరిగినవానికి ఆ వరుస వింతగా తోచుట సహజము. ఫైరింజనుకు తానే నేరుగా జీత మిచ్చుచున్నానని అతనికి అచ్చటనే మొదటిసారి తెలియును.

ఆ రాష్ట్రమునందే హడ్సను నదికి ఈవలి గట్టున, న్యూయార్కు నగరమునకు ఎదురుగా, ఐదు చిన్న పట్టణములు గలవు: యూనియన్ సిటీ, వెస్ట్ న్యూయార్క్, వీహాకెన్, నార్త్ బెర్గెన్, గుట్టెన్‌బర్గ్. 1999లో ఈ యైదును తమ దళములను కలిపి ఒక్క ప్రాంతీయ దళముగా చేసికొన్నవి. గుట్టెన్‌బర్గ్ పట్టణమంతయు కలిసి ఒక చదరపు కిలోమీటరైనను లేదు. అమెరికాలో జనము మిక్కిలి క్రిక్కిఱిసిన పట్టణములలో అది యొకటి. ఒక పట్టణపు వీధి ఎక్కడ ముగిసి ఇంకొకదాని వీధి ఎక్కడ మొదలగునో అచ్చటి తపాలావాడు తప్ప ఇతరులు చెప్పలేరు. అట్టిచోట ఐదు దళములు ఒకటగుట న్యాయము. అట్లు కాకుండుటయే విడ్డూరము.

మన సంగతి చూతము. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడినపుడు మద్రాసు పరిపాలన నుండి వచ్చిన జిల్లాల పద్ధతియు, హైదరాబాదు సంస్థానపు పద్ధతియు ఒక్క రాష్ట్ర శాఖలో కలిసినవి. ఆ శాఖకు 1999లో ప్రత్యేక చట్టము వచ్చినది. నేడు ఆ శాఖ నామము రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. కళ్యాణదుర్గపు బండికి టైరు మార్చవలెనన్నను, ఫైర్‌మన్‌కు జీత మీయవలెనన్నను సొమ్ము రాష్ట్ర ఖజానా నుండి రావలసినదే. ఇక్కడ ప్రతి ఊరికిని వేఱు ప్రభువు లేడు. కలుపుటకు వేర్వేఱు దళము లెక్కడివి? ఉన్నది ఒక్కటే దళము. దాని కాళ్లు మాత్రము పలుచోట్ల ఉన్నవి.

ఒక చిత్రము చెప్పవలెను. 1992 నాటి 74వ సవరణతో రాజ్యాంగమునకు చేరిన 12వ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన పనుల పట్టిక కలదు. అందు ఏడవది అగ్నిమాపక సేవ. బొంబాయిలోను, గుజరాతు నగరములలోను ఆ సేవ పురపాలకుల చేతియందే యున్నది. ఆంధ్రదేశమునందు మాత్రము రాష్ట్రమే దానిని తన చేత నుంచుకొన్నది. ఈ విషయమున మన పాలకులను మెచ్చుకొనక తప్పదు. కుళాయికి నీరియ్యలేక మునిసిపాలిటీ తల పట్టుకొను ఊళ్లలో ఫైరింజను బరువు కూడ దాని నెత్తినే పెట్టినచో ఏమగునో ఊహించుకొనవచ్చును.

> ఏప్రిలు 14
>
> దేశమంతట ఏప్రిలు 14 మొదలు 20 వఱకు అగ్నిమాపక వారోత్సవములు జరుగును. 1944లో అదే దినమున బొంబాయి విక్టోరియా డాకులో ప్రత్తి బేళ్లను, ప్రేలుడు సామగ్రిని కలిపి మోసిన "ఫోర్ట్ స్టికిన్" అను ఓడ తగులబడి బ్రద్దలైనది. మంట నార్పబోయిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది మరణించిరి. ఆ దినమున ఫైరాఫీసు ముంగిట జెండా క్రింద ఒక నిమిషము మౌనముగా నిలుచువారు స్మరించునది వారినే.

లండను నుండి ఎడిన్‌బరో వఱకు

దళములను కలుపు ముచ్చట నేటిది కాదు. లండనులో మొదట మంటల నార్పినవారు బీమా కంపెనీల కూలివాండ్రు. ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క దళము, ఒక్కొక్క రంగు కోటు. 1833లో ఆ కంపెనీలు తమ దళములను కలిపి, ఎడిన్‌బరో నుండి జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అను వానిని తెచ్చి నాయకుని చేసినవి. 1861లో టూలీ వీధి గిడ్డంగులు తగులబడిన నాడు గోడ కూలి ఆ బ్రెయిడ్‌వుడ్ మరణించెను. నష్టమును భరింపలేక కంపెనీలు చేతు లెత్తివేయగా, 1866 నుండి ఆ భారము నగర ప్రజలపై పడినది. అనగా, దళములు మొదట కలిసినది ఖర్చు తగ్గించుకొనుటకే. ఆ పిమ్మట అవి ప్రజల పరమైనది ఆ ఖర్చు లాభముతో కూడిన బేరము కాదని తేలినందుననే.

రెండవ ప్రపంచ యుద్ధమున బాంబులు కురియుచుండగా 1941లో బ్రిటను తన ఊరూరి దళముల నన్నిటిని జాతీయ దళముగా మార్చినది. అంతకు పూర్వము ఒక యూరి గొట్టము ఇంకొక యూరి మరకు తగులకపోవుచుండెను. మంట ముందు నిలిచి మర బిగియక తడబడిన ఆ బాధయే వారికి ఏకీకరణమును నేర్పిన గురువు. యుద్ధము ముగిసిన పిమ్మట 1948లో ఆ దళములు మరల స్థానిక పాలకుల చేతికి వచ్చినవి. స్కాట్లండు 2013 ఏప్రిలు 1న తన యెనిమిది దళములను ఒక్కటి చేసినది.

ఇంగ్లండు చేసిన పని మాత్రము మన టీ అంగడి పెద్దమనుష్యులకు నేను తప్పక వినిపించినది. ఊరూర నున్న 46 కంట్రోలు గదులను మూసి, వాటి చోట తొమ్మిది మహాకేంద్రములను కట్టి, ధనమును ఆదా చేయుదుమని 2004లో ఒక పథకము వేసిరి. భవనములు లేచినవి. అందులో నడువవలసిన కంప్యూటరు వ్యవస్థ మాత్రము లేవలేదు. ఆఱేండ్లు గడచిన పిమ్మట, 2010 డిసెంబరులో, పథకమును మూసివేసిరి. ఆ దేశపు ఆడిటు వారు లెక్క కట్టగా నీళ్లపాలైనది తక్కువలో తక్కువ 46 కోట్ల 90 లక్షల పౌనులు. ఖాళీ భవనములకు అద్దె చెల్లించుట ఆ తరువాతను నడచినది. ఈ కథ విని మా పెద్దమనుష్యులు టీ గ్లాసును క్రింద పెట్టి, "పొదుపునకే ఇంత ఖర్చా!" అనిరి.

ఏ కొత్తపల్లి?

కంట్రోలు గదుల మాట వచ్చినది గనుక ఇచ్చట కొంచెము నిలువవలెను. ఈ ముచ్చటలో మన పల్లెవానికి నేరుగా తగులు భాగ మిదియే.

పూర్వము పోలీసులకు 100, మంటలకు 101, ఆంబులెన్సుకు 108 అని వేర్వేఱు అంకెలుండెను. ఇప్పుడు వాటి నన్నిటిని 112 అను ఒక్క అంకె క్రిందికి తెచ్చు ఏర్పాటు దేశమంతట వచ్చినది. ఆపదలో నున్నవానికి ఒక్క అంకె గుర్తుండుట మేలే. ఆ పిలుపు నందుకొను మనిషి కళ్యాణదుర్గములో కూర్చుండడు. దూరనగరమున, చల్లని గదిలో, తెర ముందు కూర్చుండును.

"ఏ ఊరు సార్?"

"కొత్తపల్లి."

"ఏ కొత్తపల్లి?"

మన జిల్లాలో కొత్తపల్లులకును, తిమ్మాపురములకును, దొడ్లకును కొదువ లేదు. కేకలు వేయుచున్న జనము నడుమ నిలిచి, పొగకు కండ్లు మండుచుండగా, మండలము పేరు, దగ్గఱి పెద్దయూరి పేరు, పట్టాదారు పేరు సావధానముగా చెప్పగల రైతు ఎందఱిలో ఒకడు? కళ్యాణదుర్గపు ఫైరాఫీసులో చిరకాలముగా పనిచేసిన వాడు ఫోను ఎత్తినచో "దేవళం కాడా? చెరువు ఎగవనా?" అని అడుగును. ఆ రెండు మాటలు తెలిసినచో డ్రైవరుకు దారి తెలిసినట్లే. స్కాట్లండులోను ఇట్టి తగవే వచ్చినది. కలియుటకు ముందు వారికి ఎనిమిది కంట్రోలు గదులు, తరువాత మూడు. ఉత్తర ప్రాంతపు ఇన్వర్నెస్, అబర్దీను గదులు మూతపడి డండీకి మారినపుడు, మా కొండల పేర్లు అచ్చటివారి కేమి తెలియునని స్థానికులు గోల పెట్టిరి. ఉపగ్రహము చూపు చుక్క వచ్చినది నిజమే. కాని ఆ చుక్క ఇంటిని చూపును, ఇంటికి పోవు దారిలో వంక తెగి బండి దిగబడు స్థలమును చూపదు.

కుందుర్పివైపు సరిహద్దు పల్లెలలో ఇంకొక చిక్కు. అవతల కర్ణాటకము, పావగడ తాలూకా తుముకూరు జిల్లాది, చళ్ళకెరె చిత్రదుర్గము జిల్లాది. పావగడలో తెలుగు వినబడని వీధి యుండదు. పెండ్లి సంబంధము లటునిటు, పశువుల సంత లటునిటు. మంట కూడ అటునిటు నడచును. కొండగడ్డి అంటుకొనినపుడు రాష్ట్రపు సరిహద్దు రాయిని చూచి అది ఆగదు. కర్ణాటకపు అగ్నిమాపక దళమునకు 1964 నాటి తన చట్టము, తన అధికారులు, తన కంట్రోలు గది. నిజముగా కలుపవలసిన కుట్టు ఒకటి ఉన్నచో అది ఇచ్చట నున్నది. ఇటు బండి దూరమైన పల్లెకు అటు బండి వచ్చుటకును, అటు పల్లెకు ఇటు బండి పోవుటకును, ఫోను ఎత్తినవాడు ఒక్క మాటతో ఆ పిలుపును అవతలివానికి అందించుటకును ఒక ఒప్పందము కావలెను. దానికి రూపాయి ఖర్చు లేదు. రెండు రాజధానులలో రెండు సంతకములు చాలును.

ఇరువది నిమిషములు, పదమూడు కిలోమీటర్లు

కేంద్ర ప్రభుత్వమునకు అగ్నిమాపక విషయములలో సలహా చెప్పుటకు 1955లో ఏర్పడిన సంఘ మొకటి కలదు. గ్రామసీమలలో పిలుపు అందిన 20 నిమిషములలోపల బండి చేరవలెనని దాని సిఫారసు. మన దారులమీద నీటితో నిండిన ఆ బరువు బండి గంటకు నలుబది కిలోమీటర్లు పోయిన గొప్ప. ఆ లెక్కన ఇరువది నిమిషములకు దాని పరుగు పదమూడు కిలోమీటర్లు. కళ్యాణదుర్గపు ఫైరాఫీసు గేటు నుండి పదమూడు కిలోమీటర్ల చుట్టు గీచినచో కంబదూరు ఆ గీత కావలనే యుండును. కుందుర్పి యింకను ఆవల.

టీ అంగడి లెక్క ప్రకారము కళ్యాణదుర్గమును, రాయదుర్గమును కలిపి నడిమధ్య ఒక్క ఫైరాఫీసును పెట్టుదము. అప్పుడు రెండూళ్లును దానికి చెరి యిరువది కిలోమీటర్ల దూరమున నుండును. రెండింటిలో ఏదియు ఆ గీత లోపలికి రాదు. రాయదుర్గములో జీన్సు బట్టలు కుట్టు ఇండ్లు వీధులకు వీధులు కలవు. ఒక గదిలో గుడ్డపేలికలు, దారములు, ఇస్త్రీ పెట్టెలు, ఆ మీద కుట్టువారు. అచ్చట నిప్పు అంటుకొనినచో అరగంట ఆగుట యెవరి తరము? కాగా, దళములోని ఉద్యోగులను సగము చేసినచో జీతము సగమగునుగాని, ఒకే మధ్యాహ్నము రెండు చోట్ల మంటలు లేచినపుడు ఒక్కబండి రెండుగా చీలదు. ఫాల్గుణ చైత్రములలో ఒకే దినమున రెండు మూడు చోట్ల లేచుట ఈ సీమకు క్రొత్త కాదు.

ఎనిమిది నెలలు బండ్లను తుడుచుకొనుటయే పని యనుటయు సరికాదు. బావిలో పడిన ఆవును తీయవలెనన్నను, వంకలో చిక్కుకొన్న ఆటోను లాగవలెనన్నను, చెరువులో మునిగినవానిని వెదకవలెనన్నను పిలుపు వచ్చునది ఆ యింటికే. ఎవ్వరు చేయలేని పనికి ఎవ్వరిని పిలువవలెనో తోచనపుడు మనవాండ్రు ఫైరాఫీసును పిలుతురు.

> కేంద్రపు సొమ్ము
>
> 15వ ఆర్థిక సంఘము సిఫారసు ననుసరించి, రాష్ట్రములలో అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్ల రూపాయల పథకమును కేంద్ర ప్రభుత్వము 2023 జులైలో ఆరంభించినది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రములు తప్ప తక్కినవి తమ వంతుగా 25 శాతము వేసికొనవలెను.
>
> అధికారులకు ఉన్నత శిక్షణ నిచ్చు జాతీయ కళాశాల నాగపూరులో నున్నది. 1956లో రాంపూరులో మొదలై మఱుసటి యేడు నాగపూరునకు మారినది. రాష్ట్రములు వేర్వేఱుగా కట్టుకొనక కలిసి వాడుకొనుచున్న చదువులశాల యిది.

హైదరాబాదులో రెండు చేతులు

తెలుగునాట నిజమైన పునరుక్తి ఎక్కడనైనను ఉన్నచో అది మన మారుమూల పీఠభూమిలో కాదు, హైదరాబాదులో. అచ్చట రాష్ట్రపు అగ్నిమాపక శాఖ యుండగనే మహానగర పాలక సంస్థ తన విపత్తు దళమును వేఱుగా పెంచుకొన్నది; చెట్టు కూలినను, నాలా పొంగినను, గోడ పడినను ఆ దళము వచ్చుచుండెను. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము ఆ పనిని, చెరువుల ఆక్రమణలను తొలగించు పనితో చేర్చి, హైడ్రా యను సంస్థకు అప్పగించినది. బాహ్య వలయ రహదారి లోపలి దాదాపు రెండువేల చదరపు కిలోమీటర్లు దాని పరిధి. అగ్నిమాపక శాఖ మాత్రము యథాప్రకారము వేఱుగనే యున్నది. ఒకే ఆపదకు రెండు యూనిఫారములు. పన్ను కట్టువాడు లెక్క అడుగదలచినచో ఇచ్చట అడుగుట న్యాయము.

అయినను 2025 మే 18న చార్మినారు దగ్గఱి గుల్జారు హౌజులో పదునేడుగురు ప్రాణములు కోల్పోయిన దినమును తలచుకొనినచో ఈ లెక్కలు చిన్నబోవును. ఆ యింటికి ఇరుకుదారి, ఇరుకు మెట్లు. ఎన్ని శకటములు వచ్చినను వీధిలో నిలువవలసినదే. అచ్చట కఱవైనది బండి కాదు, మనుష్యుడు బయటపడు ద్వారము.

ఇంజనుకు దప్పిక

ఇచ్చట కఱవైనది నీరు. అనంతపురము జిల్లాకు సాలీన కురియు వాన 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియు ఏ రెండు తుపానులలోనో కుమ్మరించి పోవును. ఇంగ్లండులో వీధి మూలకొక హైడ్రెంటు. మూత తీసి గొట్టము బిగించినచో నది వచ్చినట్లు నీరు వచ్చును. కళ్యాణదుర్గమునకు త్రాగునీరే పెన్నహోబిలము జలాశయము నుండి శ్రీరామరెడ్డి పథకపు గొట్టములలో ఎంతో దూరము నడచి రావలెను. ఫైరింజను దప్పిక తీర్చుకొనవలసినది ఆ నీటితోనే. పల్లెలోనైనచో ఏ రైతు బోరుతోనో.

బోరు ఉన్నంత మాత్రమున చాలదు. సేద్యపు కరెంటు దినమునకు తొమ్మిది గంటలు. ఆ గంటలు దాటినచో మోటారు మూగది. కరెంటు ఉన్నను, సన్నని ధారతో కొట్టుకొనుచు వచ్చు బోరు 4,500 లీటర్ల తొట్టిని నింపులోపల వామి బూడిదయగును. అందుచేతనే ఇచ్చటి ఫైర్‌మన్‌కు చట్టముకన్న చెరువులు ఎక్కువ తెలిసియుండవలెను: ఏ కుంటలో ఏ నెల వఱకు నీరుండును, ఏ చీనీ తోటలో సిమెంటు తొట్టి కలదు, ఎవని ట్రాక్టరుకు నీళ్ల ట్యాంకరు కలదు. బెలుగుప్ప దిక్కున జీడిపల్లి జలాశయము నిండిన యేడు ఆ ప్రాంతమున ఇంజను ధైర్యముగా పోవును. నిండనియేడు తెచ్చుకొన్న నీరే శరణ్యము.

టీ అంగడి పెద్దమనుష్యులతో నే నన్నది యింతే: కలుపదలచినచో దీనిని కలుపుడు. పంచాయతీకొక పట్టిక కావలెను. అందు ట్యాంకరు గలవాని పేరు, మందు కొట్టు పెద్దపంపు గలవాని పేరు, జేసీబీ నడుపువాని పేరు, తొట్టి గల తోట పేరు వ్రాసి ఫైరాఫీసు గోడకు అంటింపవలెను. ఫోను రాగానే బండి బయలుదేరుటతో పాటు ఆ నలుగురును కదలవలెను. నిప్పు పుట్టిన మొదటి పావుగంటలో పల్లెదే పెత్తనము, తరువాతనే సర్కారుది. విడిభాగముల కొనుగోలును కలుపవచ్చును. మరమ్మతు షెడ్డును కలుపవచ్చును. శిక్షణ నెప్పుడో కలిపినారు. 2022 ఏప్రిలులో జిల్లా రెండై ధర్మవరము, పెనుకొండ, హిందూపురము, కదిరి సత్యసాయి జిల్లాకు పోయినపుడు పైకుర్చీల సంగతి ఎవరును లెక్క అడుగలేదు. క్రింది గేటు దగ్గఱి బండి మాత్రమే అందఱి కంటను పడును.

పెద్దమనుష్యులు ఒప్పుకొన్నారని చెప్పజాలను. "చూతము" అని లేచి, నా టీకి కూడ వారే డబ్బు లిచ్చిరి.

కాలిన కల్లములో

మంట ఆరిన తరువాతి ప్రొద్దు చూడవలెను. కల్లము నడుమ నల్లని గుండ్రము. దాని చుట్టును గొట్టము లీడ్చిన బురదచాళ్లు. కొనకొమ్మల ఆకులు ముడుచుకొన్న వేపచెట్టు. ఎద్దులు మేత వాసనకై అటే తల త్రిప్పి నిలిచియుండును. రైతు కాగితములకై తిరుగుట మొదలిడును. బీమా వారికిని, రెవెన్యూ వారికిని చూపుటకు ఫైరాఫీసు ఇచ్చు ధ్రువపత్రము ఒకటి కావలెను. అది దొరకినను మేత దొరకదు. ఉగాదికి ముందే కట్టె కాలినచో ముంగారు వానలు పడి పచ్చిక మొలచువఱకు మూడు నెలల మేతను కొనవలెను. కొనలేనివాడు ఎద్దులను సంతకు తోలుకొనిపోవును. ఆ వారములో అతని వంటి వారు పదిమంది వచ్చియున్నచో ధర ఎంత పలుకునో చెప్పనక్కఱలేదు.

శెట్టూరు దిక్కున ఒక పల్లెలో, వామి కాలిన యేడు గడచిన తరువాత, ఒక ముదుసలి రైతు క్రొత్తకట్టెను వామి వేయుచుండగా చూచితిని. ఒకటి కాదు, రెండు వేయుచుండెను. కల్లమునకు ఈ కొన నొకటి, ఆ కొన నొకటి. రెండింటికిని వేఱు వేఱు కంపకంచె, వేఱు వేఱు పునాదిరాళ్లు, రెట్టింపు కూలి. ఇంత ఖర్చు ఎందుకు పెద్దాయనా, ఒకే వామి వేసినచో కూలి మిగులును గదా అని అడిగితిని. ఆయన పంగలకట్టెను నేలకు ఆనించి, నడుము సరిచేసికొని, రెండు వాముల నడుమ నేలను ఒకసారి కంటితో కొలిచికొనెను.

"ఇంగో నాలుగు బారలు జరపాల్సింది," అని మనుమని కేక వేసి, రెండవ వామికి అప్పుడే పేర్చిన అడుగువరుసను పీకించి, దూరముగా మరల మొదలుపెట్టించెను.